2147483647 ప్రధాన సంఖ్య అని మనమే తేల్చుకునే దారి

ప్రశ్న ఒడిశాలోని గుణుపురం నుంచి వచ్చింది. ప్లస్ టూ సైన్స్ చదువుతున్న ఒక అమ్మాయి ఇలా రాసింది: "మాస్టారూ, కంప్యూటర్ క్లాసులో 32 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణాంకం 2147483647 అని చెప్పారు. అది ప్రధాన సంఖ్య అని కూడా అన్నారు. నేను కాలిక్యులేటర్ తీసుకుని 3, 7, 11, 13 అంటూ భాగిస్తూ పోయాను. ఎక్కడ ఆపాలో తెలియక వదిలేశాను. ఎవరో చెప్పారని నమ్మేయాలా, మనమే చూసుకునే దారి ఉందా? ఈ సంఖ్యకి ఇంకేం ప్రత్యేకతలు ఉన్నాయి? తెలుగులో రాస్తే మా తమ్ముడికి కూడా చదివి వినిపిస్తాను."

అమ్మా, దారి ఉంది. తెలుగులోనే చెబుతాను. చదువు వాడుక భాషలో ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పట్టుబట్టింది మన పర్లాకిమిడిలో ఉండే కదా, లెక్కలకి మాత్రం వేరే భాష ఎందుకు? మీ తమ్ముడు బడిలో ఒడియా పుస్తకంలో మౌళిక సంఖ్య అని చదివేదాన్నే నేనిక్కడ ప్రధాన సంఖ్య అంటున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. ఒక్కసారి చదివితే అందేది కాదు, కానీ అందనిది మాత్రం కాదు.

ముందు నువ్వు ఆగిపోయిన చోటు చూద్దాం. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధం అయితే, ఆ రెండింట్లో చిన్నది వర్గమూలాన్ని దాటదు. రెండూ వర్గమూలం కన్నా పెద్దవైతే లబ్ధం అసలు సంఖ్యని మించిపోతుంది. 46340 ని 46340 తో గుణిస్తే 2147395600 వస్తుంది. 46341 ని 46341 తో గుణిస్తే 2147488281, అంటే మన సంఖ్యని దాటేసింది. కాబట్టి 46340 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి, ఏదీ సరిగ్గా భాగించలేదని తేలితే పని అయిపోయినట్టే. అలాంటివి 4792 ఉన్నాయి. రోజుకి వంద భాగహారాలు చేసినా నెలన్నర దాటుతుంది. పైగా ఒక్క చోట తప్పు పడినా మొత్తం వృథా. నువ్వు వదిలేశావంటే నీ తప్పేం లేదు.

ఇప్పుడు ఈ సంఖ్యని అంకెల వరుసగా చూడటం మానెయ్. దీని అసలు రూపం 2³¹ − 1. రెండుని ముప్పై ఒక్కసార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది. బైనరీలో రాస్తే వరుసగా ముప్పై ఒక్క ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా ఉండదు. పని అంతా ఈ రూపం మీదే నడుస్తుంది. అంకెల మొత్తం 46, చివరి అంకె 7 లాంటివి మనం పదేసి చొప్పున లెక్కపెట్టడం వల్ల కనిపించేవి. వాటిని సంఖ్య గుణాలుగా నేను లెక్కపెట్టను.

ఇలా 2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలని మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. ఘాతాంకం ప్రధాన సంఖ్య కాకపోతే ఫలితం కూడా కాదు. 2⁶ − 1 అంటే 63 చూడు. 6 ని 2, 3 భాగిస్తాయి. అలాగే 63 ని 2² − 1, 2³ − 1, అంటే 3, 7 భాగిస్తాయి. అయితే ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం కూడా అవుతుందని భరోసా లేదు. 2¹¹ − 1 అంటే 2047. అది 23 ఇంటూ 89. మారిన్ మెర్సెన్ అనే ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి 1644లో ఏ ఘాతాంకాలు పనికొస్తాయో జాబితా ఒకటి ఇచ్చాడు. అందులో 31 ఉంది, 67 కూడా ఉంది. 31 నిజమైంది. 67 తప్పని తర్వాత తేలింది. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఏకంగా దాని కారణాంకాలనే చూపించాడు: 193707721, 761838257287. 61, 89, 107 నిజంగా పనికొచ్చేవే అయినా జాబితాలో లేవు. నమ్మేయాలా అని అడిగావు కదా. మెర్సెన్ అంతటివాడు చెప్పినదాన్ని కూడా లెక్క వేసి చూసుకోవాల్సిందే.

ఇక అసలు విషయానికి వస్తాను. 2047 కారణాంకాలని మళ్లీ చూడు. 23 అంటే 22 + 1, 89 అంటే 88 + 1. ఒకటి తీసేస్తే రెండూ 22 గుణిజాలే, అంటే 11 కి రెట్టింపు. 2²³ − 1 అంటే 8388607. దాని చిన్న కారణాంకం 47, అంటే 46 + 1. 46 అంటే 23 కి రెట్టింపు. ఇది కాకతాళీయం అనుకోకు. 2³¹ − 1 ని ఏ ప్రధాన సంఖ్య భాగించినా, దాంట్లోంచి ఒకటి తీసేస్తే 62 తో భాగింపబడి తీరాలి. ఎందుకో చెబుతాను. ఈ జవాబు మొత్తంలో నువ్వు అర్థం చేసుకోవాల్సింది ప్రధానంగా ఇదొక్కటే, అందుకే కాస్త నిదానంగా వెళ్తాను.

2 యొక్క ఘాతాలని (1, 2, 4, 8, 16 అంటూ) ఏదో ఒక సంఖ్యతో భాగిస్తూ శేషాలు రాసుకో. 7 తో భాగిస్తే 1, 2, 4, మళ్లీ 1, 2, 4 అని తిరుగుతూ ఉంటాయి. ప్రతి మూడో ఘాతం దగ్గర శేషం 1 వస్తుంది. భాజకం ఏ బేసి సంఖ్య అయినా ఇలాంటి ఆవృత్తి ఒకటి ఉంటుంది, దాని పొడవు మాత్రం మారుతుంది. చాటికోన సంత సంగతి తీసుకో. అది ప్రతి బుధవారం పడుతుంది. ఒక బుధవారం నుంచి రోజులు లెక్కపెడితే 7, 14, 21 అంటూ 7 గుణిజాల రోజుల్లోనే సంత. ఏదో ఒక ఊళ్లో లెక్క తప్పకుండా సంత పడుతుందనీ, 31వ రోజున కూడా పడిందనీ ఎవరైనా చెబితే నీకేం తెలుస్తుంది? అది వారపు సంత కాదు, 31 ని 7 భాగించదు కాబట్టి. 31 ప్రధాన సంఖ్య కనుక ఆ సంత రోజూ అయినా జరగాలి, 31 రోజులకి ఒకసారి అయినా జరగాలి. మూడో దారి లేదు.

ఇప్పుడు ప అనే ప్రధాన సంఖ్య 2³¹ − 1 ని భాగిస్తుంది అనుకో. అంటే 2³¹ ని ప తో భాగిస్తే శేషం 1. సంత లెక్క ప్రకారం శేషం 1 వచ్చే ఆవృత్తి 1 కావాలి, లేదా 31 కావాలి. ఆవృత్తి 1 అయితే 2 ని ప తో భాగించినా శేషం 1 రావాలి, అంటే ప అనేది 1 ని భాగించాలి. అది జరగదు. కాబట్టి ఆవృత్తి 31. మరోపక్క ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, 2 కి ప − 1 ఘాతం వేసి ప తో భాగిస్తే శేషం 1 రావాలి. శేషం 1 అనేది 31 గుణిజాల దగ్గరే వస్తుంది కనుక ప − 1 కూడా 31 గుణిజం. ప బేసి సంఖ్య, కాబట్టి ప − 1 సరి సంఖ్య. రెండూ కలిపితే ప − 1 అనేది 62 గుణిజం.

నువ్వు 3, 7, 11, 13 తో భాగించినవన్నీ అక్కర్లేని భాగహారాలని ఇక్కడే తేలిపోయింది. అవి ఈ సంఖ్యని భాగించే అవకాశమే లేదు.

ఇంకో వడపోత ఉంది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ కి వర్గం, అంటే 65536 కి వర్గం. కాబట్టి ప అనేది ఒక వర్గంలోంచి 2 తీసేస్తే వచ్చిన సంఖ్యని భాగిస్తోంది. అలా భాగించగల బేసి ప్రధాన సంఖ్యలు 8 తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ ఇచ్చేవే. దీని నిరూపణ డిగ్రీలో వస్తుంది, ఇప్పటికి ఈ ఒక్కటీ నా మాట మీద తీసుకో. కావాలంటే చిన్న సంఖ్యలతో సరిచూసుకో: 3² − 2 = 7, 5² − 2 = 23, 7² − 2 = 47. ఈ మూడింటినీ 8 తో భాగిస్తే శేషం 7. 6² − 2 = 34, దాని బేసి కారణాంకం 17, శేషం 1.

రెండు షరతులూ కలిపితే మన సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 248 తో భాగిస్తే శేషం 1 గానీ 63 గానీ రావాలి. 62 గుణిజాలకి 1 కలిపితే వచ్చేవి 63, 125, 187, 249. వీటిని 8 తో భాగిస్తే వరుసగా 7, 5, 3, 1. మధ్య రెండూ పోతాయి, ఆ తర్వాత ఇదే వరుస తిరుగుతుంది. అంతే.

46340 లోపు 248 తో శేషం 1 వచ్చేవి (ఒకటిని వదిలేసి) 186, శేషం 63 వచ్చేవి 187. మొత్తం 373. అందులో 63 ఎలాగూ ప్రధాన సంఖ్య కాదు, తీసేస్తే 372. వీటిలోనూ చాలావాటిని చూడగానే కొట్టేయొచ్చు: 249 ని 3 భాగిస్తుంది, 497 ని 7, 559 ని 13, 745 ని 5. నిజంగా ప్రధాన సంఖ్యలై మిగిలేవి వంద లోపే. మొదటిది 311. భాగించి చూడు: భాగఫలం 6905092, శేషం 35. తర్వాతది 1303: భాగఫలం 1648107, శేషం 226. ఆ తర్వాత 1489: శేషం 199. ఇలా చివరిదాకా వెళ్తే ఎక్కడా శేషం సున్నా రాదు. నెలన్నర పని ఒక పూటకి దిగింది. నువ్వూ మీ తమ్ముడూ కలిసి ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. కూర్చోమనే నా సలహా. ఇంత పెద్ద సంఖ్యని ఒక్కసారైనా సొంతంగా నిరూపించిన పిల్లలకి లెక్కల మీద ఉండే ధైర్యమే వేరు. రాయగడలోనూ పర్లాకిమిడిలోనూ నా దగ్గర చదివిన పిల్లల్లో అది చూశాను.

ఆయిలర్ అనే గణితవేత్త 1772లో దీన్ని ఈ దారిలోనే తేల్చాడు. భాజకాలు 248 తో శేషం 1 లేదా 63 రూపంలోనే ఉండాలని బెర్నూలీ అనే గణితవేత్తకి రాసిన ఉత్తరంలో చెప్పాడు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది, చూపు దాదాపు పూర్తిగా పోయింది. అంతకుముందు కటాల్డీ 1588లో నిరూపించిన 2¹⁹ − 1, అంటే 524287, అప్పటికి తెలిసిన అతి పెద్ద మెర్సెన్ ప్రధాన సంఖ్యగా ఉండేది. ఆరు అంకెల నుంచి ఒక్కసారిగా పది అంకెలకి వచ్చారు.

ఇలా భాజకాల కోసం వెతకకుండానే తేల్చే పరీక్ష కూడా ఉంది. లూకాస్ మొదలుపెట్టి, లేమర్ మెరుగుపరిచినది. 4 తో మొదలుపెట్టు. వర్గం చేసి 2 తీసెయ్, నీ మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో, మళ్లీ అదే చెయ్. ఘాతాంకం కన్నా రెండు తక్కువ మెట్లు ఎక్కాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 31 కి, అంటే 2⁵ − 1 కి, మూడు మెట్లు: 4 నుంచి 14, 14 నుంచి 194, దాని శేషం 8. 8 వర్గం 64, రెండు తీస్తే 62, శేషం సున్నా. అయిపోయింది. 127 కి ఐదు మెట్లు: 14, 67, 42, 111, చివర సున్నా. 2047 కి తొమ్మిది మెట్లు ఎక్కితే చివర 1736 మిగులుతుంది, కాబట్టి కాదు. మన సంఖ్యకి 29 మెట్లు. చేత్తో కష్టం గానీ కంప్యూటర్‌లో నాలుగు లైన్ల ప్రోగ్రామ్. 2024 అక్టోబరులో దొరికిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 అనే నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెల ప్రధాన సంఖ్యని ఖాయం చేయడంలో కూడా ఇదే పరీక్ష వాడారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో "2 కి న − 1 ఘాతం వేసి న తో భాగిస్తే శేషం 1 వస్తే న ప్రధాన సంఖ్య" అని రాసినవి కనిపిస్తాయి. మెర్సెన్ సంఖ్యల విషయంలో ఈ పరీక్ష బొత్తిగా పనికిరాదు. 2047 తీసుకో. 2046 అనేది 11 గుణిజం, 2¹¹ శేషం 1, కాబట్టి 2²⁰⁴⁶ శేషం కూడా 1. పరీక్ష పాసైంది, కానీ సంఖ్య 23 ఇంటూ 89. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలు, మెర్సెన్ సంఖ్యలన్నీ ఈ పరీక్షలో పాసైపోతాయి.

ప్రత్యేకతల సంగతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పరిపూర్ణ సంఖ్యతో దీనికున్న బంధం. 28 ని భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 4, 7, 14. కలిపితే మళ్లీ 28. ఇలాంటి వాటిని పరిపూర్ణ సంఖ్యలు అంటారు. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచీ ఒకటి పుడుతుందని యూక్లిడ్ కాలానికే తెలుసు. సరి సంఖ్యల్లో ఇంకో రకం లేదని ఆయిలర్ నిరూపించాడు. మన సంఖ్యని 2³⁰ తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. అది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లండు గణితవేత్త, ఇంతకన్నా పెద్దది ఎవరూ ఎప్పటికీ కనుక్కోరనీ, ఉపయోగం లేని వింత కోసం అంత శ్రమ ఎవరు పడతారనీ రాశాడు. ఇప్పటికి 52 మెర్సెన్ ప్రధాన సంఖ్యలు దొరికాయి. మనుషుల కుతూహలాన్ని ఆయన తక్కువ అంచనా వేశాడు.

రెండోది ఒక గొలుసు. 5 ప్రధాన సంఖ్య. 2⁵ − 1 అంటే 31, అదీ ప్రధాన సంఖ్యే. 2³¹ − 1 కూడా అంతే. మరి 2 కి ఏకంగా 2147483647 ఘాతం వేసి ఒకటి తీసేస్తే? రాయాలంటే 64 కోట్లకు పైగా అంకెలు కావాలి. మూడుసార్లు అయింది కాబట్టి నాలుగోసారీ అవుతుందని ఆశ పుడుతుంది. కానీ కాదు. దాన్ని 295257526626031 భాగిస్తుంది. అంత పెద్ద సంఖ్యకి భాజకం ఎలా దొరికిందంటే, మనం పైన చూసిన నియమంతోనే. ఘాతాంకానికి రెట్టింపు తీసుకో, దాని గుణిజాలకి ఒకటి కలుపుతూ వెళ్లు. 2 ఇంటూ 68745 ఇంటూ 2147483647, ప్లస్ 1. గుణించి చూడు, సరిగ్గా అదే వస్తుంది. చివరి మూడంకెలు 031 ని 8 తో భాగిస్తే శేషం 7, అంటే రెండో షరతు కూడా సరిపోయింది. గుణుపురంలో కూర్చుని కాగితం మీద నేర్చుకున్న నియమం 64 కోట్ల అంకెల సంఖ్య మీద కూడా పనిచేస్తోంది. గణితంలో నన్ను ఇన్నేళ్లుగా కట్టిపడేసింది ఇదే.

మిగతావి క్లుప్తంగా. దీన్ని 4 తో భాగిస్తే శేషం 3. వర్గాలని 4 తో భాగిస్తే 0 గానీ 1 గానీ వస్తాయి, కాబట్టి ఏ రెండు వర్గాల మొత్తంగానూ దీన్ని రాయలేం. దీనికి కవల లేదు: రెండు తక్కువైన 2147483645 ని 5 భాగిస్తుంది, రెండు ఎక్కువైన 2147483649 ని 3 భాగిస్తుంది. అయితే ఆ రెండోదాన్ని 3 తో భాగించగా వచ్చే 715827883 మళ్లీ ప్రధాన సంఖ్యే.

కంప్యూటర్‌లో ఇది గరిష్ఠ పూర్ణాంకం కావడానికీ, ప్రధాన సంఖ్య కావడానికీ సంబంధం లేదు. 32 బిట్లలో ఒకటి ప్లస్ మైనస్ గుర్తుకి పోతే 31 మిగులుతాయి, అన్నీ ఒకట్లు పెడితే ఇదే వస్తుంది. పాత కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి ఇందులోనే దాచుకుంటాయి కాబట్టి, 2038 జనవరి 19న మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఆ లెక్క నిండిపోతుంది. కానీ ప్రధాన సంఖ్య అవడం వల్ల ఒక మంచి ఉపయోగం దొరికింది. ఏదో ఒక సంఖ్యతో మొదలుపెట్టి, 16807 తో గుణించి, 2147483647 తో భాగించి శేషం తీసుకుంటూ పోతే, 1 నుంచి 2147483646 వరకు ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చాకే మొదటిది తిరిగి వస్తుంది. చాలాకాలం కంప్యూటర్లలో యాదృచ్ఛిక సంఖ్యలకి ఈ పద్ధతి వాడారు. 16807 అంటే 7⁵. 7 ఘాతాల శేషాలు అన్ని సంఖ్యలనీ చుట్టి వస్తాయి. 2147483646 ని 5 భాగించదు, అందువల్ల 7⁵ కూడా అలాగే చుట్టి వస్తుంది.

బ్యాంకు లావాదేవీల రహస్యాలకి మాత్రం ఇది చాలా చిన్నది. అక్కడ వాడే ప్రధాన సంఖ్యలకి మూడు వందలకు పైగా అంకెలుంటాయి.

మీ ఇద్దరికీ పని ఒకటి ఇస్తాను. 2²⁹ − 1 అంటే 536870911. భాజకం 58 గుణిజానికి 1 కలిపినది, 8 తో శేషం 1 లేదా 7. అలాంటి వాటిలో మొదటిది 175, అది ప్రధాన సంఖ్య కాదు. రెండోది 233. దాంతో భాగించు, భాగఫలం 2304167, శేషం సున్నా. ఇప్పుడు 2³⁷ − 1 తీసుకో, అంటే 137438953471. ఈసారి 74 గుణిజాలు. షరతులకి సరిపోయే మొదటి ప్రధాన సంఖ్య ఏదో మీరే కనిపెట్టి, భాగించి, శేషం ఎంత వచ్చిందో రాయండి.